ఊరి నుంచి క్యాన్సర్ వైద్యానికి: ఎప్పుడు, ఎక్కడికి, ఏమేం పట్టుకుని వెళ్లాలి

"అమ్మకి క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో ఏ ఆస్పత్రి మంచిది?" జిల్లాల నుంచి వచ్చే ఫోన్లలో, మెసేజ్‌లలో ఎక్కువగా ఉండే ప్రశ్న ఇదే. ఆస్పత్రి పేరు చెప్పడం తేలికే. కానీ దానికంటే ముందు చేయాల్సిన మూడు పనులున్నాయి, కింద మొదటి మూడు మెట్లు అవే. అవి చేయకుండా బస్సెక్కిన వాళ్లే ఎక్కువ డబ్బు, ఎక్కువ కాలం పోగొట్టుకుంటారు.

సిటీలో ఉన్నవాళ్లకు గడ్డ కనిపిస్తే వారం పదిరోజుల్లో బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు చేతికొస్తుంది. ఊళ్లో ఉన్నవాళ్లు ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత టౌన్‌లో నర్సింగ్ హోమ్‌కి, అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి, చివరికి సిటీకి చేరేసరికి నెలలు గడిచిపోతాయి. ఇద్దరికీ జబ్బు ఒకటే, మందులూ అవే. తేడా అంతా దారిలో పోయిన కాలంలో, ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం మొదలయ్యేలోపు జేబులోంచి పెట్టిన ఖర్చులో ఉంటుంది. ఈ రెండూ తగ్గించుకోవడానికే ఈ గైడ్. ఏ మందు వాడాలి, ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది మీ డాక్టర్ చెప్పాల్సిన మాట. పథకాల నిబంధనలు కూడా జీవోలతో మారుతుంటాయి, కాబట్టి బయలుదేరే ముందు పథకం హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి అడగండి.

ముందుగా సర్దుకోవాల్సినవి

- పేషెంట్ ఆధార్, రేషన్ కార్డు: ఒరిజినల్స్, వాటితో పాటు నాలుగైదు జిరాక్స్ సెట్లు. ఫొటోలు కూడా.
- ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ ఎవరి దగ్గరుందో చూసుకోండి. ఆ సిమ్ దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో ఉంటే, ఓటీపీ కోసం కౌంటర్ ముందు పడిగాపులు పడాలి.
- ఇప్పటిదాకా చేయించిన పరీక్షలన్నీ: రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, సీడీలు. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ఫిల్ములూ కావాలి.
- బీపీ, షుగర్, ఆయాసం లాంటివి ఉంటే వాటికి వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు.
- ఒక నోట్‌బుక్, ఒక థర్మామీటర్. థర్మామీటర్ ఎందుకో ఏడో మెట్టులో చెప్తాను.
- మారని మనిషి ఒకరు. ఒక వారం కొడుకు, ఇంకో వారం అల్లుడు, ఆ పై వారం బావమరిది వస్తుంటే డాక్టర్ చెప్పింది ఎవరికీ పూర్తిగా తెలియదు. సాయానికి ఎవరొచ్చినా ఫైలు మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి.

డబ్బు విషయం: దారి ఖర్చులకు, మొదట్లో అయ్యే పరీక్షలకు కొంత చేతిలో ఉంచుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవడం, పొలం బేరం పెట్టడం మాత్రం మూడో మెట్టు పూర్తయ్యే వరకు వద్దు.

1. మూడు వారాలు దాటితే ఆగకండి

నోట్లో పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ మూడు వారాలైనా మానకపోవడం. రొమ్ములోగానీ మెడలోగానీ గడ్డ. మూడు వారాలు దాటిన గొంతు బొంగురు. మింగడం కష్టమవడం. మలంలో రక్తం. నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపించడం, లేదా కలయిక తర్వాత రక్తం పడటం. వీటిలో ఏ ఒక్కటున్నా పీహెచ్‌సీకో, ఏరియా ఆస్పత్రికో వెళ్లి డాక్టర్‌కి చూపించండి. ఇలా కనిపించిన ప్రతిదీ క్యాన్సరేమీ కాదు. కాదని తేల్చుకోవడానికే వెళ్తున్నాం.

ఊళ్లలో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకునే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రొమ్ములో గడ్డ నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. నిజానికి రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. పుండు దగ్గర పన్ను కదులుతుంటే పన్ను పీకించేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటున్న పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. అంగిలి బయటికి కనిపించదు. అలాంటి అలవాటున్న అమ్మమ్మలు మీ ఇంట్లో ఉంటే, టార్చి వేసి నోటి పైభాగం చూడమని డాక్టర్‌ని మీరే అడగండి.

ఆర్‌ఎంపీని తిట్టాల్సిన పనిలేదు, అర్ధరాత్రి పలికేది ఆయనే. కానీ ఒకే పుండుకి రెండోసారి యాంటీబయాటిక్ కోర్సు ఇస్తానంటే మాత్రం "వద్దు బాబూ, పెద్దాస్పత్రికి రాసివ్వు" అనండి.

2. బయాప్సీ చేయించండి, గడ్డ మాత్రం కోయించకండి

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే, ఈ మెట్టు గుర్తుపెట్టుకోండి.

టౌన్‌లో సర్జన్ "చిన్న గడ్డే, ఇక్కడే తీసేద్దాం" అంటారు. తీశాక, క్యాన్సర్ అని రిపోర్టు వస్తుంది. అప్పటికి గడ్డ ఎక్కడిదాకా ఉందో, అంచులు శుభ్రంగా వచ్చాయో లేదో ఎవరికీ తెలియదు. సిటీలో మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కొన్నిసార్లు ముందు కీమో ఇచ్చి తర్వాత కోయాల్సిన కేసు తలకిందులవుతుంది. అందుకే క్యాన్సర్ అనుమానం ఉంటే ముందు సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాలి. రొమ్ము గడ్డకైతే లావు సూదితో ముక్క తీసే కోర్ బయాప్సీ అడగండి. సన్న సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ ఒక్కటే చాలదు, ఎందుకంటే మందు నిర్ణయించడానికి ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలు ఆ ముక్క మీదే చేయాలి.

"సూది పెడితే పాకుతుంది" అనే భయం ఇంటింటా ఉంది. ఈ భయంతోనే నెలలు పోగొట్టుకుంటారు. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం లాంటి చోట్ల బయాప్సీతో జబ్బు పాకిపోదు. వృషణాల్లో గడ్డ లాంటి కొన్నింటికి మాత్రం సూది పెట్టరు. అది ఎప్పుడో డాక్టర్‌కి తెలుసు.

ముక్క తీసే రోజు చూసుకోవాల్సినవి:

- ముక్కను ఫార్మలిన్‌లోనే వేయాలి. ఫార్మలిన్ లేదని సెలైన్ నీళ్లలో వేసి ల్యాబ్‌కి పంపితే ముక్క పాడవుతుంది, మళ్లీ సూది తప్పదు. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. డబ్బా మీద పేషెంట్ పేరు, తేదీ, ఏ వైపు ముక్కో రాయించండి. కుడి, ఎడమ తారుమారైతే చిన్న గొడవ కాదు.
- రిపోర్టు వచ్చాక ల్యాబ్ నుంచి స్లైడ్లు (ముక్క పొర అంటించిన గాజు పలకలు), మైనపు బ్లాకు (మిగిలిన ముక్కను మైనంలో దాచింది) రెండూ అడిగి తీసుకోండి. అవి మీవే. సిటీ ఆస్పత్రిలో వాటిని మళ్లీ చూస్తారు. బ్లాకు లేకపోతే చాలాసార్లు బయాప్సీ మళ్లీ మొదలు.
- స్లైడ్లు పగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. బ్లాకుని ఎండలో, బండి డిక్కీలో వదలకండి, మైనం కరుగుతుంది.

మీ ఏరియా ఆస్పత్రిలో బయాప్సీ చేయరంటే జిల్లా ఆస్పత్రికో, దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఆస్పత్రికో వెళ్లండి. రెండు రాష్ట్రాల్లోనూ చాలా జిల్లాలకు ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మెడికల్ కాలేజీ అంటే పాథాలజీ విభాగం ఉంటుంది. సిటీకి వెళ్లి చేయించుకునే పని ఇంటి దగ్గరే అయిపోతుంది.

ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ ఇప్పుడే వద్దు. "ముందు పెట్ చేయించుకుని రండి" అని ఎవరన్నా సరే, ట్రీట్‌మెంట్ తీసుకోబోయే ఆస్పత్రి అడిగాకే చేయించండి. అన్ని క్యాన్సర్లకూ అది అవసరం లేదు. అవసరమైతే అక్కడే చేస్తారు, లేదా పథకంలో వస్తుందేమో చెప్తారు.

3. బయలుదేరే ముందే కార్డు సంగతి తేల్చుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. రెండూ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ నుంచి వచ్చినవే. క్యాన్సర్‌కి సంబంధించి ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ వీటిలో ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయల వరకు పరిమితి. రెండు చోట్లా హెల్ప్‌లైన్ 104.

104కి ఫోన్ చేసినప్పుడు "ఫలానా ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు. అది చాలదు. పథకంలో ఆస్పత్రిని విభాగాల వారీగా చేరుస్తారు. క్యాన్సర్ ఆపరేషన్‌కి ఉన్న ఆస్పత్రికి రేడియేషన్‌కి లేకపోవచ్చు. కాబట్టి మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి: ఆపరేషన్‌కి ఉందా, కీమోకి ఉందా, రేడియేషన్‌కి ఉందా? పక్క రాష్ట్రం ఆస్పత్రికి వెళ్లాలనుకుంటే, మీ రాష్ట్రం కార్డు ఆ ఆస్పత్రిలో ఆ చికిత్సకే చెల్లుతుందా అని కూడా అడగండి. కర్నూలు, నంద్యాల వాళ్లు హైదరాబాద్, చిత్తూరు వాళ్లు వేలూరు, అనంతపురం వాళ్లు బెంగళూరు వెళ్లడం మామూలే. వాళ్లకు ఈ ప్రశ్న తప్పనిసరి.

కార్డులో దొర్లే చిక్కులు:

- ఆధార్‌లో ఒక స్పెల్లింగు, రేషన్ కార్డులో ఇంకొకటి. పెళ్లయిన అమ్మాయి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం. వీటిని ఊళ్లో ఉండగానే మీసేవలోనో, సచివాలయంలోనో సరిచేయించుకోండి. దీనికోసం ట్రీట్‌మెంట్ మాత్రం ఆపకండి, రెండూ పక్కపక్కన నడవాలి.
- కార్డు లేదు, ఆదాయం ఎక్కువ. ఇంట్లో ఎవరి జీతంలోనైనా ఈఎస్‌ఐ కోత ఉందా చూడండి. కొడుక్కి ఈఎస్‌ఐ ఉంటే అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం వస్తుంది. ఫ్యాక్టరీలో, సెక్యూరిటీ ఏజెన్సీలో పనిచేసే కొడుకులున్న చాలామందికి ఈ సంగతే తెలియదు.
- 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డుని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. మీరు వెళ్లే ఆస్పత్రిలో తీసుకుంటారా అన్నది 14555లో అడగండి.
- ఏదీ వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి. ట్రీట్‌మెంట్‌కి ముందే అంచనా పత్రంతో ఎల్‌ఓసీ (ఖర్చు నిధి నుంచి ఇస్తామని ఆస్పత్రికి రాసిచ్చే పత్రం) తెచ్చుకునే దారి ఒకటి, అయ్యాక ఒరిజినల్ బిల్లులు పెట్టి కొంత తిరిగి పొందే దారి ఇంకొకటి. రెండింటికీ సాధారణంగా ఎమ్మెల్యే ఆఫీసు నుంచే వెళ్తారు. ఒరిజినల్ బిల్లు ఒక్కటీ పారేయకండి.

ఒక హెచ్చరిక: పథకం కింద అనుమతి రాకముందు మీ జేబులోంచి కట్టింది పథకం నుంచి తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. "ముందు కట్టండి, తర్వాత ఆరోగ్యశ్రీలో సర్దుతాం" అని బిల్లింగ్‌లో ఎవరన్నా అంటే, అక్కడే ఆరోగ్యమిత్ర (ఆస్పత్రిలో పథకం పనులు చూసే మనిషి) డెస్క్‌కి వెళ్లండి. పని కాకపోతే అక్కడి నుంచే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి.

4. ఆస్పత్రి ఎంచుకోవడం

నా మాటగా చెప్తాను: ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ఉన్న ఆస్పత్రుల్లో మీ ఊరికి దగ్గరిది ఎంచుకోండి. "పెద్ద పేరు" కోసం మూడు వందల కిలోమీటర్లు ఎక్కువ వెళ్తే, ఆరు నెలల ట్రీట్‌మెంట్‌లో ఆ దూరం ప్రతిసారీ వడ్డీతో సహా వసూలవుతుంది. మధ్యలో మానేసే వాళ్లలో చాలామంది మందు పనిచేయక మానరు, రానూపోనూ తిరగలేక మానేస్తారు.

ప్రభుత్వ రంగంలో, ట్రస్టుల కింద ఉన్నవి కొన్ని:

- ఉత్తరాంధ్ర: విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి. ముంబై టాటాకి వెళ్లాలని పట్టుబట్టే ముందు ఇక్కడ చూపించండి, ఇది వాళ్లదే.
- గుంటూరు, పల్నాడు, ప్రకాశం: గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలోని నాట్కో క్యాన్సర్ సెంటర్.
- రాయలసీమ, నెల్లూరు: తిరుపతిలో స్విమ్స్, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సహకారంతో 2022లో మొదలైన శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి. కర్నూలులో ప్రభుత్వ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్.
- తెలంగాణ: హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే. 1955 నుంచి పేదవాళ్లకు అదే పెద్ద దిక్కు. పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం.

ఎంఎన్‌జే లాంటి చోట రద్దీ ఎక్కువ, నిజమే. రేడియేషన్‌కి వెయిటింగ్ ఎన్ని రోజులని మొదటి రోజే అడగండి. మరీ ఎక్కువైతే పథకంలో ఉన్న ఇంకో ఆస్పత్రికి రిఫర్ చేయమని అడిగే హక్కు మీకుంది. రెండో అభిప్రాయం తీసుకోవడం తప్పేమీ కాదు. కానీ అది వారంలో పూర్తవ్వాలి. నాలుగో అభిప్రాయం, ఐదో అభిప్రాయం అంటూ తిరిగేలోపు స్టేజీ మారిపోతుంది.

5. మొదటి రోజు

సోమవారం రద్దీ ఎక్కువ, వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. ఓపీ చీటీ తెల్లవారుజామునే రాయించుకోవాల్సి ఉంటుంది కాబట్టి ముందు రాత్రికే ఊరు చేరండి. పేషెంట్ ఏదో తిని ఉండాలి. స్కానింగ్‌కి ఖాళీ కడుపు కావాలంటే వాళ్లే చెప్తారు. పొద్దున్నుంచి పస్తుండి క్యూలో పడిపోయే పెద్దవాళ్లు రోజూ కనిపిస్తారు.

డాక్టర్ దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. నోట్‌బుక్‌లో ఈ ప్రశ్నలు ముందే రాసుకుని, ఒక్కో జవాబు అక్కడే రాసుకోండి:

- ఏ క్యాన్సర్, ఏ స్టేజీ? నయం చేయడానికి ఇస్తున్నారా, అదుపులో పెట్టడానికా?
- ముందు ఏది, తర్వాత ఏది? మొత్తం ఎన్ని నెలలు?
- ఏ పనికి ఇక్కడికి రావాలి, ఏది మా జిల్లాలో చేయించుకోవచ్చు?
- పథకంలో రానిది ఏదైనా ఉందా? దానికి ఎంత?
- రాత్రి పూట ఇబ్బంది వస్తే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి?

మూడో ప్రశ్న సిటీవాళ్లకు అవసరం రాదు కాబట్టి డాక్టర్లు తమంతట తాము చెప్పకపోవచ్చు. మీరే అడగాలి.

పేషెంట్‌కి చెప్పకుండా దాచడం మన ఇళ్లలో మామూలే. కానీ "గడ్డ కరిగే ఇంజెక్షన్లు" అని చెప్పి తీసుకొస్తే, రెండో కీమోకి జుట్టు రాలగానే ఆ మనిషి "నాకు బాగైంది, ఇంక రాను" అంటుంది. ఎంత చెప్పాలో డాక్టర్‌తో, సోషల్ వర్కర్‌తో మాట్లాడి చెప్పండి.

6. రేడియేషన్: వారాల తరబడి బస

జనం కరెంటు పెట్టడం అనే ఈ ట్రీట్‌మెంట్ వారానికి ఐదు రోజులు, రోజుకి కొద్ది నిమిషాలు. నోరు, గొంతు క్యాన్సర్లకు ఆరేడు వారాలు. రొమ్ముకి చాలాచోట్ల మూడు వారాలు, కొందరికి ఇంకా తక్కువ. గర్భాశయ ముఖద్వారానికి బయటి నుంచి ఐదు వారాలు, ఆపైన లోపల పెట్టే రేడియేషన్. మొత్తం ఎనిమిది వారాల్లోపు పూర్తవ్వాలి.

ఆ ఎనిమిది వారాల గడువు సరదాకి పెట్టింది కాదు. సంక్రాంతికనో, ఇంట్లో పెళ్లనో, వరి కోతలనో మధ్యలో వారం మానేస్తే మందు బలం తగ్గుతుంది. తర్వాత ఎక్కువ రోజులు పెట్టించుకుంటే సరిపోతుందనుకోవద్దు. పండగ మధ్యలో పడుతుందని తెలిస్తే మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చెప్పండి.

బస: లాడ్జి బుక్ చేసే ముందు ఆస్పత్రి సోషల్ వర్కర్‌ని కలవండి. ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో ఉండే ధర్మశాలలు, ట్రస్టు వసతులు వాళ్లకు తెలుసు. ఖాళీ లేకపోతే పేరు రాయించి రండి. గది తీసుకోవాల్సి వస్తే వంట చేసుకునే వీలున్నది చూసుకోండి. నోరు మండుతున్న మనిషికి హోటల్ సాంబారు పనికిరాదు.

జాగ్రత్తలు:

- నోరు, గొంతుకైతే రేడియేషన్‌కి ముందే పళ్లు చూపించుకోవాలి. పీకాల్సినవి ముందే పీకించాలి. తర్వాత ఎప్పుడు పన్ను పీకించాల్సి వచ్చినా, ఎన్నేళ్లయినా సరే, "నాకు రేడియేషన్ అయింది" అని ఆ డాక్టర్‌కి చెప్పాలి. లేకపోతే దవడ ఎముక మానకుండా పాడయ్యే ప్రమాదం ఉంది.
- రేడియేషన్ గురి కోసం ఒంటి మీద పెట్టిన గీతలు చెరపకండి. ఆ చోట పసుపు, కొబ్బరి నూనె, ఆకు పసర్లు ఏవీ రాయకండి.
- మింగలేకపోతే ముక్కులోంచి ట్యూబ్ వేస్తామంటారు. భయపడి వద్దనకండి. బరువు తగ్గితే ముఖానికి చేసిన మాస్క్ వదులై గురి తప్పుతుంది. వారానికోసారి బరువు చూసి రాసుకోండి.
- బయటి నుంచి రేడియేషన్ పెట్టించుకున్న మనిషి నుంచి ఎవరికీ ఏమీ రాదు. మనవళ్లను ఎత్తుకోవచ్చు, కలిసి తినొచ్చు.

ప్రయాణం: క్యాన్సర్ పేషెంట్లకు రైల్వేలో స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ ఉంది, తోడు వెళ్లే ఒకరికి ఆ క్లాసుల్లో 75 శాతం. రైల్వే నమూనాలో ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. మొదటి రోజే అడిగి తీసుకుని స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించండి. తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉన్నాయి కాబట్టి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో సొంత రాష్ట్రంలో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కీమో ఎక్కించుకున్న రోజే రాత్రి బస్సులో నిలబడి ప్రయాణం మాత్రం పెట్టుకోవద్దు.

7. కీమో: ఇంటి దగ్గరున్న రోజులే జాగ్రత్త

కీమో చాలావరకు మూడు వారాలకోసారి ఉంటుంది. ఒకరోజు ఆస్పత్రిలో, ఇరవై రోజులు ఇంట్లో. అసలు ప్రమాదం ఇంట్లో ఉన్నప్పుడే, ముఖ్యంగా రెండో వారంలో. అప్పుడు తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి.

థర్మామీటర్‌లో 100.4 డిగ్రీలు దాటిందంటే అది ఎమర్జెన్సీ. పగలైనా రాత్రైనా. సిటీలో వాళ్లు అరగంటలో క్యాజువాలిటీకి చేరతారు. ఊళ్లో వాళ్లు డోలో వేసి పొద్దున చూద్దాం అనుకుంటారు. డోలోతో జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతుంది. రక్తంలోకి పాకితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. కొందరికి జ్వరం రాకుండానే వణుకు, నీరసం, మగత వస్తాయి. అదీ ఎమర్జెన్సీయే.

చేయాల్సింది:

- మొదటి కీమో కంటే ముందే, రాత్రి కూడా డాక్టర్ ఉండే దగ్గరి ఆస్పత్రి ఏదో తెలుసుకుని పెట్టుకోండి. ఏరియా ఆస్పత్రి కావచ్చు, సీహెచ్‌సీ కావచ్చు.
- ఒక కార్డు రాయించుకోండి, ఆంకాలజీ డాక్టర్ సంతకంతో: "ఈ పేషెంట్‌కి కీమో నడుస్తోంది. ఇచ్చిన మందు, తేదీ ఇవి. జ్వరం వస్తే వెంటనే సీబీసీ (రక్తకణాల లెక్క) చేసి, రిపోర్టు కోసం ఆగకుండా నరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. మా నంబర్ ఇది." డ్యూటీ డాక్టర్ చేతిలో ఈ కార్డు పెట్టండి. మీరు నోటితో పది నిమిషాలు చెప్పేది అది ఒక్క క్షణంలో చెప్తుంది.
- 108కి ఫోన్ చేసి అక్కడికి వెళ్లండి. ఆ జ్వరంతో ఆరు గంటలు ప్రయాణించి సిటీకి వెళ్లొద్దు. ముందు యాంటీబయాటిక్, తర్వాత ప్రయాణం.
- ఊళ్లో తుంటికి ఇంజెక్షన్లు వేయించకండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే లోపల రక్తం కారి గడ్డలా చేరుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కొన్ని కీమోలతో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

జ్వరం లేకపోయినా, రోజుకి నాలుగైదు విరేచనాలు దాటినా, ఒకరోజంతా నీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతున్నా ఆగకండి.

నాటుమందు గురించి ఒక మాట. ఎవరో చెట్టు వేరు ఇస్తారని పక్క జిల్లా నుంచి జనం బస్సులు కట్టుకుని వెళ్తుంటారు. కీమోతో పాటు తెలియని పసర్లు తాగితే లివర్ దెబ్బతిని కీమో వాయిదా పడుతుంది. ఇప్పటికే తాగుతుంటే డాక్టర్ తిడతారని దాచకండి, చెప్పేయండి.

8. ఇంటి దగ్గరికి మార్చుకోగలిగినవి

సిటీకి వెళ్లే ప్రతి ప్రయాణం అవసరమా అని డాక్టర్‌ని అడుగుతూ ఉండండి. కీమోకి ముందు చేసే సీబీసీ, కిడ్నీ, లివర్ పరీక్షలు రెండ్రోజుల ముందు మండల కేంద్రంలో చేయించి ఫొటో పంపితే, రక్తకణాలు తక్కువని వెనక్కి పంపే బాధ తప్పుతుంది. కొన్ని మామూలు కీమోలను జిల్లా ఆస్పత్రుల్లోనే ఇచ్చే ఏర్పాట్లు పెరుగుతున్నాయి. అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డేకేర్ (పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్లే) క్యాన్సర్ సెంటర్లు పెడతామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో చెప్పింది. మీ జిల్లాలో మొదలైందేమో సూపరింటెండెంట్ ఆఫీసులో అడగండి. ఉంటే ట్రీట్‌మెంట్ ప్లాన్ కాగితం తీసుకెళ్లి అక్కడ చేరండి. డోసు, మందు పేరు, ఎన్నో విడత (సైకిల్) కీమోనో ఆ కాగితంలో స్పష్టంగా ఉండాలి. ఆపరేషన్, రేడియేషన్, మొదటి కీమో మాత్రం పెద్ద ఆస్పత్రిలోనే మంచిది.

9. నొప్పికి మందుంది

"ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నా చేయగలిగింది ఉంటుంది. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఎక్కడుందో అడగకుండా ఆస్పత్రి వదలకండి. ఎంఎన్‌జేలో ఉంది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లోనూ ఈ కేంద్రాలు పెట్టారు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇస్తారు. మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక వాటిని సంపాదించుకోవడం కొంత తేలికైంది. అయినా ఊరి మెడికల్ షాపులో దొరకవు, కాబట్టి మాత్రలు ఇంకా వారానికి ఉండగానే మళ్లీ తెచ్చుకోవాలి. డాక్టర్ చెప్పినట్టు వాడితే వ్యసనమవుతుందన్న భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికీ మందు అడగండి. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, టైమ్ ప్రకారం వేసుకోవాలి.

అంతా సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

- లక్షణం కనిపించి నెల దాటిందా? బయాప్సీ రిపోర్టు ఇంకా చేతిలో లేకపోతే, ఎక్కడో ఆగిపోయారని అర్థం. రెండో మెట్టుకి వెళ్లండి.
- ఫైలు తీసి చూడండి: ఏ క్యాన్సర్, ఏ స్టేజీ, తర్వాతి తేదీ ఎప్పుడు. ఈ మూడింటిలో ఏది దొరక్కపోయినా తర్వాతి ఓపీలో ముందు అదే అడగండి.
- పథకం అనుమతి వచ్చినట్టు మీ ఫోన్‌కి మెసేజ్ గానీ, ఆరోగ్యమిత్ర దగ్గర కేసు నంబర్ గానీ ఉందా? నంబర్ లేకపోతే అనుమతి రానట్టే.
- రెండు కీమోల మధ్య నాలుగు వారాలు దాటిందా? డాక్టరే వాయిదా వేశారా, మనమే ఆలస్యం చేశామా? మనమే అయితే ఈరోజే ఫోన్ చేయండి.
- గడ్డ కరిగిపోయింది కదా అని ఆగిపోయారా? కీమోకి గడ్డ కరగడం మంచి సంకేతం. ట్రీట్‌మెంట్ అయిపోయిందని దానర్థం కాదు. ఆపరేషన్, రేడియేషన్ ఇంకా ఉండొచ్చు.
- డిశ్చార్జి సమ్మరీలో పేరు, వయసు, ఏ వైపు జబ్బో సరిగ్గా రాశారా? కౌంటర్ దగ్గరే చదివి, తప్పుంటే అక్కడే దిద్దించండి. ఊరికొచ్చాక దిద్దించాలంటే ఇంకో ప్రయాణం.

ట్రీట్‌మెంట్ పూర్తయ్యాక సాధారణంగా మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదేళ్ల వరకు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. ఫైలు, స్లైడ్లు, బ్లాకు ఆ ఐదేళ్లూ జాగ్రత్తగా ఉంచండి. ఇంట్లో 30 ఏళ్లు దాటిన మిగతావాళ్లు విలేజ్ క్లినిక్‌లోనో, పల్లె దవాఖానాలోనో నోరు, రొమ్ము పరీక్షలు, ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్ష ఉచితంగా చేయించుకోవచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషికి కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ఉంటే, వాళ్లు ఏ వయసు నుంచి ఏ పరీక్ష చేయించుకోవాలో తర్వాతి ఫాలోఅప్‌కి వెళ్లినప్పుడే ఆంకాలజీ డాక్టర్‌ని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి.